పిడి కింద బొట్టు

తుపాకులకు గిరాకీ పడిపోయిందట, అందుకే షేకు రాజేశాన్ని ఇంటికి పొమ్మన్నాడట, పాపం అక్కడ ఏడ్చుకుంటూ కూర్చున్నాడట. బీడీల కార్ఖానా దగ్గర పదిమంది ముందు పక్కింటి ఎల్లవ్వ ఈ మాట అన్నదని ఊర్నుంచి భార్య నర్సవ్వ ఫోన్లో చెప్తుంటే, రాజేశం తొమ్మిదో రివాల్వర్ గూళ్ళలో పళ్ళబ్రష్ తిప్పుతున్నాడు. ఫోన్ బల్ల మీద వెల్లకిలా పడి ఉంది.

"దుబాయ్ల ఇంక పని దొర్కదట గదా?" అంది నర్సవ్వ.

"దుబాయ్ గాదే, ఖతర్. ఇరవై ఏండ్ల సంది జెప్తున్న."

"ఏదైతేంది. ఏడుస్తున్నవా లేదా?"

"డ్యూటీల ఉన్న. పెట్టెయ్."

ఎల్లవ్వ మాటను తూర్పారబడితే సగం పొల్లు, సగం గింజ. గిరాకీ పడిపోయిన మాట గింజే. ఒకప్పుడు శుక్రవారం సాయంత్రం ఈ కాల్పుల క్లబ్బులో ఈ పన్నెండు రివాల్వర్ల కోసమే జనం వరుస కట్టేవారు. ఇప్పుడొచ్చే కుర్రాళ్ళకు పిస్టల్ కావాలి. దానిలో పదిహేడు గుళ్ళు పడతాయి, గురి చూసేచోట ఎర్రచుక్క వెలుగుతుంది, వేలు ఆనిస్తే చాలు పేలుతుంది. రివాల్వర్ మీట లాగడమంటే బావిలోంచి నిండు బొక్కెన చేదినట్టే. "ఆరు కాల్చి ఆగాలా?" అని అడుగుతారు, తాత కథ చెప్తానంటే ముఖం తిప్పుకున్నట్టు. పోటీలకు తయారయ్యేవాళ్ళు కూడా మెల్లగా పిస్టళ్ళకే మారిపోయారు. రెండేళ్ళ కిందట ఆ తూటాలు తెప్పించడం మానేశారు. ఉన్నవి అయిపోయేదాకా నడిపి, ఇవాళ్టితో రివాల్వర్ల దుకాణం కట్టేస్తున్నారు.

పొల్లు సంగతి ఏడుపు. రాజేశం ఏడవడం లేదు. అలాగని నవ్వడమూ లేదు, నవ్వే పని ఇంకా కాలేదు. పదిగంటలకు మెకానిక్ వస్తాడు. ఒక్కో రివాల్వర్‌నూ విప్పి చూస్తాడు. పన్నెండూ సరిగ్గా ఉంటే, ముదీర్ అని అందరూ పిలిచే క్లబ్బు మేనేజరు, రాజేశాన్ని ఇంటికి వదిలే కాగితం మీద సంతకం పెడతాడు, రేపు మధ్యాహ్నం విమానం. ఏ ఒక్కదానిలో లోపం తేలినా విచారణ ముగిసేదాకా కాగితం కదలదు. పోయినేడు ఒకడు ఇలాగే పోయేముందు చిక్కుకుని ఐదు నెలలు రూములో పడి ఉన్నాడు. రాజేశానికి రాత్రి నుంచీ అదే ధ్యాస.

అతనికి యాభై నాలుగేళ్ళు. సన్నటి మనిషి, మెడనరాలు పగ్గాల్లా కనిపిస్తాయి. కుడి బొటనవేలి గోరు చుట్టూ మసి చర్మంలోకి ఇంకిపోయింది, ఏ సబ్బుకూ వదలదు. సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాల మోత నడుమ పెరిగినవాడు కాబట్టి ఎడమ చెవి అక్కడే సగం పోయింది. ఖతర్‌కు సిమెంటు మోయడానికి వచ్చాడు. ఈ క్లబ్బు గోడలకు సిమెంటు మోసింది కూడా అతనే. గోడలు లేచాక ఖాళీ తూటాలు ఊడవడానికి ఉంచుకున్నారు, ఆ తరవాత తుపాకులు తుడవడానికి. మగ్గం మనిషి చేయి కదా, చిన్న సామానును నలగనివ్వదు. పిస్టల్‌కు తోమాల్సిన గొట్టం ఒకటే. రివాల్వర్‌కు గొట్టంతో పాటు ఆరు గూళ్ళు, చక్రం ముందు భాగాన కమిలిన మసి. ఒక్కోదానికి అరగంట. ఇన్నేళ్ళలో తాను మాత్రం ఒక్క గుండు కాల్చలేదు. ఒకసారి ముదీర్ సరదాకు కాల్చి చూడమంటే కడుపునొప్పి అన్నాడు.

ఎనిమిదికి సుధాకరరావు వచ్చాడు. అల్ ముంతజాలో ఉంటాడు, చమురు కంపెనీలో పెద్ద ఇంజనీరు. ఈ ఊళ్ళో రివాల్వర్ తప్ప మరొకటి ముట్టనివాడు ఆయనొక్కడే మిగిలాడు. ఆఖరిసారి ఆరూ కాల్చి, చెవికప్పులు మెడలోకి దించుకున్నాడు.

"రివాల్వర్ మనల్ని ఆలోచించుకోమంటుందయ్యా రాజేశం. పిస్టల్ ఉంది చూశావూ, అది నోరున్న మనిషి. ఆగదు."

"మీకు మాటలొస్తయి సారూ."

"నీకు దిగులుగా లేదూ?"

రాజేశం రివాల్వర్ తీసుకుని తోమడానికి కూర్చున్నాడు. సుధాకరరావు ఆ మౌనాన్ని దుఃఖం అనుకుని, భుజం తట్టి, కాఫీ తాగడానికి పోయాడు.

పదికి ముదీర్ అబూ ఖలీఫా మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. డోమింగ్ అనే ఫిలిప్పీన్ మనిషి, కళ్ళకు భూతద్దం తగిలించుకుని ఉన్నాడు. గొట్టాల్లోకి దీపం వేసి చూశాడు. చక్రాలు తిప్పాడు. "గుడ్," అన్నాడు. రాజేశం ఊపిరి వదిలాడు. అప్పుడు డోమింగ్ చిన్న స్క్రూడ్రైవర్ తీసి పిడికున్న చెక్కలు విప్పసాగాడు.

పిడి విప్పేవాడు ఈ లోకంలో తానొక్కడే అనుకుంటూ వచ్చాడు రాజేశం.

చెక్క ఊడింది. లోపల ఇనుము మీద బఠాణీ గింజంత ఎర్రటి మరక. డోమింగ్ రెండోది విప్పాడు. అదే చోట, అదే మరక. మూడోదీ అంతే.

"రస్ట్," అన్నాడు డోమింగ్.

"జంగ్?" తుప్పనేసరికి ముదీర్ కనుబొమలు ముడిపడ్డాయి. "రాజేశం, యే క్యా?"

తుడిచే పనికి వచ్చిన రెండో ఏడు జరిగిందది. ఎవరో కాల్చబోతే పేలక ఇరుక్కున్న తూటాను తీయబోయాడు. చేతిలోని రివాల్వర్ పేలి, గుండు పక్కటెముకల పక్కనుంచి చొక్కాను చీల్చుకుంటూ పోయింది. ఆ దసరాకు నర్సవ్వ పంపిన పొట్లంలోంచి కుంకుమ తీసి, నూనెలో కలిపి, పన్నెండింటికీ ఎవరికీ కనబడనిచోట బొట్టు పెట్టాడు. ఊళ్ళో సాంచెకు పెడతారు, కత్తికి పెడతారు, ఆఖరికి స్కూటర్‌కూ పెడతారు. కానీ రాజేశం పెట్టింది ఆ ముచ్చటతో కాదు. పోశమ్మకు బోనం ఎత్తినట్టు, తల్లీ నీ దారిన నువ్వుండు, నా జోలికి రాకు అని. ప్రతి దసరాకూ పాతది తుడిచి కొత్తది పెట్టాడు. పోవాలన్న తొందరలో ఈసారిది తుడవడం మరిచాడు.

అబద్ధం ఆడదామా అనుకున్నాడు. ఏ అబద్ధమూ నాలుక మీదికి రాలేదు.

"జంగ్ మాఫీ, ముదీర్. యే పూజా హై." తుప్పు కాదు, పూజ అని చెప్పాడు.

గోడ గడియారం చప్పుడు రాజేశం మంచి చెవిలోకి సమ్మెటలా దిగుతోంది. ఐదు నెలలు, ఐదు నెలలు అంటోందది. ముదీర్ గుడ్డ తీసుకుని ఒక మరకను తానే తుడిచాడు. గుడ్డకు ఎరుపంటింది. దాని కింద ఇనుము నిన్న పోతపోసినట్టు తళతళలాడింది. డోమింగ్ భూతద్దం దించి చూసి, పెదవి విరిచి, తల ఊపాడు.

"హర్ సాల్?" ప్రతి ఏడూనా అన్నాడు ముదీర్.

"హర్ సాల్."

"పిస్టల్ కో భీ?"

"నై ముదీర్. ఉస్ కా పిడి నై నికల్తా." దాని పిడి ఊడదని చెప్పే కంగారులో, హిందీ మధ్యలో పిడి అన్న మాట తెలుగులోనే పడిపోయింది.

ముదీర్ ముక్కుతో నవ్వాడు. ఆ నవ్వు పొట్టలోకి దిగి, భుజాలు కదిలేదాకా పోయింది. "ఇరవై ఏళ్ళలో ఇక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది నీ తోముడు వల్లనా, నీ ఎర్రపొడి వల్లనా, దేవుడికే తెలియాలి," అన్నాడు హిందీలో. "యల్లా, అన్నీ తుడిచెయ్."

మిగతా పదకొండూ రాజేశమే తుడిచాడు. ఏడోదాని దగ్గర ఆకలి తెలిసింది. పదకొండోది తుడిచేసరికి, నీళ్ళబిందె దించిన నెత్తిలా ఒళ్ళంతా తేలికైంది. పన్నెండూ పెట్టెల్లోకి పోయాయి, పెట్టెలు వ్యానులోకి పోయాయి. వ్యాను గేటు దాటుతుంటే రాజేశం చూడలేదు, కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు. సంతకం పెట్టిన కాగితం చొక్కాజేబులో ఉంది.

బయటికొచ్చేసరికి కౌంటర్ దగ్గర సుధాకరరావు ఎదురుచూస్తున్నాడు. జేబులోంచి ఖాళీ తూటా ఒకటి తీసి రాజేశం ముందు నిలబెట్టాడు.

"పొద్దున కాల్చిన వాటిలో చివరిది. ముదీర్‌ని అడిగే తీసుకున్నాను. వాటిని కన్నబిడ్డల్లా చూసుకున్నావు, గుర్తుగా ఒక్కటైనా నీ దగ్గర ఉండొద్దూ? విమానంలో కాదంటారేమోనని బెంగపడకు. నేను హైదరాబాద్ వచ్చినప్పుడు ఎలాగోలా చేరుస్తాను. ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకో."

రాజేశం దాని వంక చూశాడు. ముట్టుకోలేదు.

"గిసొంటిదే ఒకటి మా ఇంట్ల దొర్కిందని మా అన్నను పోలీసోల్లు తీస్కపోయిండ్రు సారూ. ముప్పయ్యారేండ్లాయె, ఇంక తోలియ్యలె. నాకొద్దు."

బయట కూలీల క్యాంపుకు పోయే వ్యాను హారన్ కొట్టింది. రాజేశం చేతులు ఊపుకుంటూ పోయి ఎక్కాడు. కౌంటర్ మీద ఇత్తడి తూటా ఒక్కటే, లోపలంతా మసితో, నోరు పైకి పెట్టుకుని నిలబడి ఉంది.