ఎర్ర పట్టీ

అమ్మల పండుగ రోజు మధ్యాహ్నం జే ఫెన్ హోటలు ముందు వరస రోడ్డు మీదిదాకా వచ్చేసింది. రోయ్ ఎట్ ఊరి చుట్టుపక్కల తల్లులందరికీ ఆ వేళే రొయ్యల మీద మనసు పుట్టినట్టుంది. సముద్రం అక్కడికి ఎనిమిది గంటల దూరం. అయినా తెల్లారకముందే మంచు లారీ వచ్చిందనీ, ఈసారి పీతలు కూడా దింపారనీ వరసలో కబుర్లు నడుస్తున్నాయి. తలకింత అని ఇచ్చి లోపలికి వెళ్తే గంటా ముప్పావు సేపు ఎంత తింటే అంత. పళ్లెంలో వదిలేస్తే మాత్రం తూకం వేసి జరిమానా పుచ్చుకుంటారు.

లించీ వాళ్లు నలుగురు వచ్చారు. అమ్మ ఉరై, అమ్మమ్మ బువా, చెల్లెలు ముక్, లించీ. నాన్నకి పీత పేరెత్తితేనే ఒళ్లంతా దద్దుర్లు, అందుకని ఇంటి దగ్గరే ఉండిపోయాడు. అమ్మమ్మ నిన్న సాయంత్రం నుంచీ కడుపు ఖాళీగా ఉంచుకుంది. చెవికి పెట్టుకున్న మల్లెమొగ్గ వాడిపోతున్నా వరస కదలడం లేదని నిమిషానికోసారి గొణుగుతోంది.

గుమ్మం పక్కన చెక్కబోర్డు. దాని మీద తోక మీద నిలబడ్డ పెద్ద రొయ్య బొమ్మ. రొయ్య మీసాల దగ్గర నూట ముప్ఫై సెంటీమీటర్లని అడ్డగీత గీసి ఉంది. తల గీత దాటితే పూర్తి డబ్బు, చేతికి ఎర్ర పట్టీ. దాటకపోతే సగం డబ్బు, పసుపు పట్టీ. ఎర్ర పట్టీ ఉన్నవాళ్లకి మనిషికో పళ్లెం ఏటి రొయ్యలు ఇస్తారు. ఒక్కొక్కటి జానెడు పొడవు, తల నిండా నారింజ రంగు కొవ్వు. పసుపు పట్టీ వాళ్లకి ఒక ఐస్‌క్రీమూ, ఒక బుడగా.

లించీ ఎత్తు నూట ఇరవై ఏడు. పదేళ్లప్పుడు అక్కడ ఆగింది. ఇప్పుడు పద్దెనిమిది నిండాయి. ఊళ్లో కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.

ఖోన్ కేన్ ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముకల చివళ్లు మూసుకుపోయాయి, ఇక ఎదగదని చెప్పిన రోజున అమ్మ దారి పొడుగునా మాట్లాడలేదు. బస్సు దిగి, ఆకలేస్తోందా అని అడిగి, ఈ హోటలుకే తీసుకొచ్చింది. గుమ్మంలో పసుపు పట్టీ కట్టగానే ఆ రోజుకి మొదటిసారి నవ్వింది. "పోనీలే, మనకి జన్మంతా అర టిక్కెట్టే" అంది. అమ్మ నవ్విందని లించీ కూడా నవ్వింది. అప్పటినుంచీ ఏటా అదే మాట, ముందు నిలబడ్డవాళ్లతోనూ వెనక నిలబడ్డవాళ్లతోనూ.

ఇవాళ కూడా అంది. వెనకాల ఒక లావుపాటి ఆయన ముసలి తల్లిని చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ ఆయన వైపు తిరిగి, "మా పెద్దది నాకు ఏటా రెండొందలు మిగులుస్తుందండీ. అర టిక్కెట్టు" అంది. ఆయన లించీని తేరిపార చూసి, "అదృష్టవంతులు" అన్నాడు. లించీ తల వంచుకుంది. కానీ ఈసారి వంచుకున్నది సిగ్గుతో కాదు, నెలరోజులుగా మిషను మీద కూర్చుని వల్లెవేసుకున్న మాటని లోపల మళ్లీ ఒకసారి సరిచూసుకోవడానికి.

వాళ్ల వంతు వచ్చింది. బల్ల దగ్గర పళ్లకి తీగలు కట్టించుకున్న అమ్మాయి కూర్చుని ఉంది. పదహారేళ్లుంటాయి. అమ్మకీ అమ్మమ్మకీ చూడకుండానే ఎర్ర పట్టీలు కట్టేసింది. పదకొండేళ్ల ముక్ బోర్డుకి వీపు ఆనించి నిలబడింది. దాని తల గీతకి రెండు వేళ్లు పైకి వచ్చింది. "దాటేశా, దాటేశా" అని అది అక్కడే గెంతింది. దాని చేతికి ఎర్ర పట్టీ పడింది.

"నువ్వు రా పాపా" అంది బల్ల దగ్గరి అమ్మాయి.

లించీ కదల్లేదు. "నాకు ఎర్రది కావాలి. డబ్బు నేనిస్తాను" అంది. వల్లెవేసినప్పుడు మాట గట్టిగానే ఉండేది. ఇప్పుడు దారపు పోగులా వచ్చింది. ఎవరికీ వినపడలేదు.

"ఏంటి పాపా?"

"ఎర్ర పట్టీ. నాకు పద్దెనిమిదేళ్లు."

అమ్మ వెనక్కి తిరిగింది. "ఏమైందే నీకు? వెళ్లి నిలబడు. జనం చూస్తున్నారు."

"నిలబడనమ్మా."

బల్ల దగ్గరి అమ్మాయి లోపలికి కేకేసింది. జే ఫెన్ తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి, హోటలు ఆవిడదే. ఊళ్లో పెద్దా చిన్నా అందరూ ఆవిణ్ణి అక్క అన్నట్టు జే అనే పిలుస్తారు. సంగతి విని కళ్లజోడు ముక్కు మీదికి దించి, లించీని పైనుంచి కిందికి చూసింది.

"ఎక్కువ ఇస్తానంటూ పోట్లాడే మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అంది.

"సగానికి ఇస్తానంటే పుచ్చుకోవే తల్లీ" అన్నాడు వెనకనుంచి లావుపాటి ఆయన. "నాకైతే ఆ అవకాశం వస్తే మోకాళ్ల మీద నడిచి లోపలికెళ్దును."

"మోకాళ్ల మీద నడిచినా మీ పొట్ట గీత దాటుతుంది బాబాయ్" అంది పళ్లతీగల అమ్మాయి. వరసంతా నవ్వింది.

లించీ సంచీలోంచి గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. జే ఫెన్ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. ఫొటోలో లించీ తల వెనక ఎత్తు గీతలు ఉన్నాయి. "ఇదిగో, ఇందులోనూ అదే అంటున్నారుగా. నూట ముప్ఫై గీత కిందే ఉన్నావు."

"పుట్టిన తేదీ కూడా ఉంది జే."

"నేను వయసు అడగనమ్మా. మొదట్లో అడిగేదాన్ని. మీసాలొచ్చిన వాణ్ణి తీసుకొచ్చి తొమ్మిదేళ్లని ఒట్టేసి చెప్పేవాళ్లు. పెళ్లయిన పిల్లని తెచ్చి, ఎనిమిదో క్లాసు అన్నాడొకడు. అప్పుడీ బొమ్మ వేయించా. మనుషులు అబద్ధమాడతారు, కొలబద్ద ఆడదు. నీకోసం ఇవాళ మారిస్తే రేపు ఇంకోడు వస్తాడు."

అమ్మ లించీ భుజం పట్టుకుంది. గొంతు తగ్గించింది. "అమ్మల పండుగ పూట అందరి ముందూ నా పరువు తియ్యకే."

"ఏటా ఈ వరసలో నా ఎత్తు చెప్పి అందర్నీ నవ్వించేది ఎవరమ్మా?"

అమ్మ చెయ్యి వదిలేసింది. "నవ్వకపోతే ఏడవాల్సొచ్చేది" అంది, లించీకి మాత్రమే వినపడేలా.

అది నిజమేనని లించీకి తెలుసు. బస్సులో ఆ రోజు అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చోవడం ఆమె చూసింది. అమ్మ మీద జాలేసింది. అయినా అడుగు వెనక్కి వెయ్యాలని అనిపించలేదు.

"తెలుసమ్మా. అయినా నాకు ఎర్రదే కావాలి."

ముక్ పరిగెత్తుకొచ్చి చెవిలో, "అక్కా, జుట్టు నడినెత్తిన ముడేసుకో, దాటేస్తావు" అంది. జే ఫెన్ ఆ మాట వింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. వరస పెరుగుతోంది, పొయ్యిల మీద ఆవిరి పెరుగుతోంది. "సరే, ఒక పని చెయ్. అటు నిలబడి మడమలు కాస్త ఎత్తు. నేను ఇటు తిరుగుతా. గీత దాటినట్టు రాసేస్తాం. అందరికీ శాంతి."

మూడు సెంటీమీటర్లు. కాలివేళ్ల మీద లేస్తే చాలు. లించీ బోర్డు వైపు చూసింది. రొయ్య కళ్లకి ఎవరో కొత్తగా నల్లరంగు పూశారు.

"లేవను" అంది. ఈసారి మాట వరస చివరిదాకా వెళ్లింది. "నేను పొడుగని చెప్పమనడం లేదు జే. పొట్టిదాన్నే. పొట్టిగా ఉండే పద్దెనిమిదేళ్లు నాకు."

జే ఫెన్ మొహం గట్టిపడింది. "అయితే బొమ్మ ఏం చెప్తే అదే. పసుపుదే కట్టు."

పళ్లతీగల అమ్మాయి పసుపు పట్టీ అందుకుంది. లించీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"బొమ్మ మాటే మాటా?"

"నా మాటకన్నా ఎక్కువ."

"అయితే మా అమ్మమ్మని కొలవండి."

 అందరూ అమ్మమ్మ వైపు చూశారు. యాభై ఏళ్లు వరినాట్లలో వంగిన నడుం. నిలబడితే గడ్డం ముందుకొచ్చి, చేతులు మోకాళ్ల దాకా వేలాడతాయి.

"సిగ్గులేదుటే" అంది అమ్మ. "ముసలిదాన్ని పట్టుకుని, ఇవాళ్టి రోజున."

"ఆకలేస్తోంది" అంది అమ్మమ్మ. "కొలిస్తే లోపలికి పంపుతారా? పంపుతానంటే కొలవమను." అంటూనే వెళ్లి రొయ్య బొమ్మకి వీపు ఆనించింది. పూర్తిగా ఆనలేదు, నడుం దగ్గర ఒక పిల్లి దూరేంత సందు మిగిలింది. పళ్లతీగల అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అమ్మమ్మ తల గీతకి నాలుగు వేళ్లు కింద ఉంది.

"ఈవిడకి పసుపుదా?" అంది లించీ.

"ఆవిడ పెద్దావిడ కదా" అంది పళ్లతీగల అమ్మాయి. "చూస్తేనే తెలుస్తోంది."

"అయితే చూసి తెలుసుకోవచ్చన్నమాట. నన్నూ చూడండి."

ఈలోగా లావుపాటి ఆయన ముందుకొచ్చాడు. "ఒక్క మాట. మా అమ్మనీ కొలుస్తారా? పోయిన నాట్లప్పుడు నడుం పట్టేసింది, ఇంకా కుదించుకుపోయింది." ఆయన వెనకాల ఇంకొకావిడ, "మా అత్తని కొలిచి చూడండి, ముందు ఆవిడే కిందికొస్తుంది" అంది. రోడ్డు మీదినుంచి ఎవరో తల్లిని వీపు మీద తట్టి, "వంగమ్మా, ఇంకాస్త వంగు" అనడం వినపడింది. జే ఫెన్ వరస పొడుగునా చూసింది. అమ్మల పండుగ. ప్రతి ఇంటివాళ్లూ వంగిపోయిన ముసలమ్మనొకర్తెని వెంట తెచ్చుకున్నారు.

"నాకు బుడగ ఇస్తారా మరి?" అని అడుగుతోంది అమ్మమ్మ.

"తప్పించండి, ముందు ఆవిణ్ణి అక్కణ్ణుంచి తప్పించండి" అంది జే ఫెన్. ఎర్ర పట్టీ తనే లాగి లించీకి చాచింది. "తీసుకో తల్లీ. ఇవాళ్టికి ఇస్తున్నా."

లించీ చెయ్యి చాచలేదు.  "ఇవాళ్టికైతే వద్దు జే. వచ్చే ఏడు కూడా నన్ను కొలవకూడదు."

"వచ్చే ఏటికి ఏ కాస్తయినా ఎదగవా ఏం?"

"ఎదగను" అంది లించీ.

ఆ మాట బయటికి అనడం ఆమెకి అదే మొదటిసారి. ఇంట్లో కూడా ఎవరూ అనరు. అమ్మ మొహం తిప్పుకుంది. జే ఫెన్ కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"సరే. కొలవం" అంది. పట్టీ తనే కట్టింది. లించీ తన డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి లోపలికి నడిచింది.

లోపల బల్లకో కుంపటి. అమ్మ గుల్లలు నాలుగు దోసిళ్లు తెచ్చి కుంపటి మీద పోసింది. అమ్మమ్మ నిమ్మకాయ పచ్చిమిర్చి పులుసులో ముంచుకుని వరసగా తినేస్తోంది. పక్కన బుడగ ఉంది, ఎలా సంపాదించిందో ఎవరికీ తెలీదు. ఏటి రొయ్యలు నాలుగు పళ్లాలు వచ్చాయి. ఒకటి లించీ ముందు పెట్టారు.

ప్రతి ఏడూ అమ్మ తన పళ్లెంలోంచి ఆమెకి ఒకటి కాల్చి, ఒలిచి, ముక్క నోటికి అందించేది. అలవాటుగా ఇప్పుడు కూడా అమ్మ చెయ్యి పట్టకారు కోసం వచ్చింది. లించీ ముందే దాన్ని తీసుకుంది. కుంపటి ఎత్తుగా ఉంది, కుర్చీలో మోకాళ్ల మీద లేచి నిలబడి రొయ్యని మంట మీద పరిచింది. కొవ్వు చిటపటలాడి సెగ మొహానికి కొట్టింది. కళ్లు మూసుకుని తెరిచేసరికి అంచులు నల్లబడుతున్నాయి.

"తిప్పు" అంది అమ్మ. హోటల్లోకి వచ్చాక అదే మొదటి మాట.

"తెలుసు."

తెలీదు. తిప్పబోతే అది ఇనుప కమ్మీలకి అంటుకుపోయింది. లాగితే సగం తోక మంటలో పడింది. ముక్ కిసుక్కున నవ్వింది.

"మాడింది" అంది అమ్మ.

"అవును, మాడింది" అంది లించీ.

దాన్ని తన పళ్లెంలోనే వేసుకుంది. పెంకు వేళ్లని కాల్చింది. పైన బొగ్గు, లోపల సగం పచ్చి. తల విరిచి, మిగిలిన కొవ్వు పీల్చి, నల్లటి ముక్కని నమిలి మింగింది. అమ్మ చూస్తూనే ఉంది. లించీ మూతి తుడుచుకుని, మళ్లీ మోకాళ్ల మీద లేచి, రెండోదాన్ని మంటకి కాస్త ఎడంగా పెట్టింది.