డైరెక్టరుగారు నేల మీద కూర్చున్న రోజు

మా హైస్కూలుకి విద్యార్థి సంఘం ఉంది, ఆ సంఘానికో రాజ్యాంగం ఉంది, పత్రిక ఉంది, ఫుట్‌బాల్ జట్టుకి రెండు రంగులు కూడా ఉన్నాయి. కుర్చీలు మాత్రం లేవు.

జపానుతో యుద్ధం వచ్చాక అమెరికా ప్రభుత్వం కాలిఫోర్నియా తీరం నుంచి మా జపాను కుటుంబాలన్నిటినీ రైలెక్కించి తీసుకొచ్చి, ఈ ఎడారిలో ముళ్ళకంచె వెనక దింపింది. పెద్దవాళ్ళు మూటలు విప్పుకునేలోపే పిల్లలకి బడి తెరిచారు. బడి అంటే తారుకాగితం కప్పిన పొడవాటి చెక్క బ్యారక్‌లు. మేం నేల మీద చతికిలబడి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసేవాళ్ళం. గాలి లేచిందంటే నేలపలకల సందుల్లోంచి దుమ్ము పొగలా పైకొచ్చేది. మధ్యాహ్నానికి అందరి తలలూ ఒకే రంగు.

మా పత్రిక పేరు 'సుడిగాలి'. దానికి సంపాదకురాలు ఫూమియె కురిహారా. పదహారేళ్ళది. వాళ్ళ నాన్న స్ట్రాబెర్రీలు పండించేవాడు. ఆ పిల్ల మాట్లాడుతుంటే ప్రతి మాట కిందా గీత గీసినట్టుండేది. నేను టైపు చేసి, సైక్లోస్టైల్ యంత్రం తిప్పేదాన్ని. రెండు చేతులకీ ఎప్పుడూ నల్ల సిరాయే.

ఆ శరత్తులో విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి ఫూమియె నిలబడింది. కుర్చీలు తెప్పిస్తానని మాటిచ్చింది. ఎదుటి అభ్యర్థి షిగేటో అరకావా. అందరికీ షిగ్. చెవులు కొంచెం పెద్దవి, నవ్వు ఇంకా పెద్దది. వాడు లేచి ఒక్కటే అన్నాడు.

"నేను ఏ వాగ్దానమూ చెయ్యను. కాబట్టి ఒక్కటీ తప్పను."

బ్యారక్ అంతా ఘొల్లున నవ్వింది. భారీ మెజారిటీతో గెలిచాడు.

ఫూమియె పత్రిక గదికి వచ్చి తలుపు ధడాలున వేసింది. "జనానికి నవ్వించేవాడు చాలు, హిసా. కూర్చోడానికి ఏమీ అక్కర్లేదు."

ఆ కోపంలోనే సంపాదకీయం రాసింది. యుద్ధంలో దేశానికి కలప అవసరమని తెలుసు, కానీ నేల మీద కూర్చుని ప్రజాస్వామ్యం గురించి చదవడం కష్టంగా ఉంది అని. చాలా బాగా రాసింది. అచ్చుకి ముందు ప్రతి పేజీ శిబిరం డైరెక్టరు ఆఫీసుకి వెళ్ళి రావాలి. అది ఎర్ర పెన్సిలు గీతతో తిరిగొచ్చింది. పై మూల నుంచి కింది మూల దాకా ఒకే గీత.

ఫూమియె నన్ను వెంటబెట్టుకుని నేరుగా డైరెక్టరు హోల్‌కూమ్ గారి దగ్గరికే వెళ్ళింది. ఆయన పొడుగు మనిషి. ఎప్పుడూ నిద్ర చాలనట్టుండేవాడు.

"చూడమ్మా," అన్నాడాయన, "కుర్చీలు లేవని రాస్తే మీ మీద జాలిపడే తూర్పు రాష్ట్రాల చర్చివాళ్ళు నా మీద విరుచుకుపడతారు. కుర్చీలు ఇచ్చామని రాస్తే ఇక్కడి ఊరి పత్రిక శత్రువుల్ని మేపుతున్నామంటుంది. కుర్చీ అనే మాటే వద్దు."

"మరి ఇస్తారా సార్, రాయకుండా ఉంటే?"

"అడిగాను. పైనుంచి ఇంకా రాలేదు."

"మళ్ళీ అడగండి."

"అడిగినవి చాలా ఉన్నాయమ్మా. వరసలో ఉంది."

తిరిగొస్తుంటే గుమ్మం దగ్గర షిగ్ ఎదురయ్యాడు. ఫూమియె మొహం చూసి పక్కకి తప్పుకోబోయాడు.

"ఆగు," అంది ఫూమియె. "నువ్వు అధ్యక్షుడివి. ఏదో ఒకటి చెయ్యి."

"నేనేమీ చెయ్యనని చెప్పే కదా గెలిచాను."

"షిగ్."

వాడు చెవి గోక్కున్నాడు. "సరే. ఆయన మన బళ్ళో ఎప్పుడైనా కూర్చున్నాడా?"

"లేదు. గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోతాడు."

"అయితే కూర్చోబెడదాం. ప్రమాణ స్వీకారానికి ముఖ్య అతిథిగా పిలుద్దాం."

ఫూమియె ఆలోచించింది. కోపం దిగి, కళ్ళలోకి వెలుగొచ్చింది. "రాజ్యాంగం ప్రకారం ప్రమాణానికి ముందు రాజ్యాంగమంతా చదివి వినిపించాలి."

"అలా ఉందా అందులో?"

"నేనే రాశాను. నువ్వు చదవలేదు."

ఆ రోజు భోజనశాలలో బల్లలన్నీ గోడవారకి జరిపాం. వాటికి బిగించిన బెంచీలు కూడా వాటితోనే పోయాయి. పిల్లలు, తల్లిదండ్రులు అందరూ నేల మీదే. ఫూమియె బామ్మ మంచి కిమోనో కట్టుకుని ముందు వరసలో మోకాళ్ళు మడిచి, కాళ్ళ మీద హాయిగా కూర్చుంది. డెబ్భై దాటినా వెన్ను నిటారుగా ఉంది.

హోల్‌కూమ్ గారు వచ్చారు. ఆయన వెనకే గుమాస్తా, చంకలో మడత కుర్చీ.

ఫూమియె నా చెయ్యి గిల్లింది. ఇన్ని రోజుల పన్నాగం ఒక మడత కుర్చీతో సరి.

షిగ్ మాత్రం చకచకా ఎదురెళ్ళి ఆయనతో చెయ్యి కలిపి, సభకేసి తిరిగాడు. "డైరెక్టరుగారు మనకోసం ఒక కుర్చీ తెచ్చారు. ఈ సభలో అందరికన్నా పెద్దావిడకి అది ఇస్తున్నారు. చప్పట్లు."

చప్పట్లు మోగాయి. ఆయన కుర్చీని చూశాడు, షిగ్‌ని చూశాడు, బామ్మని చూశాడు. మర్యాదస్తుడు. తనే కుర్చీ విప్పి బామ్మ ముందు పెట్టాడు. బామ్మ వంగి నమస్కరించింది. ఆయనా వంగాడు. బామ్మ ఇంకొంచెం వంగింది.

"నాకెందుకే కుర్చీ?" అంది ఫూమియెతో జపాను భాషలో. "కాళ్ళందవు."

"ఊపుకుంటూ కూర్చో బామ్మా. దయచేసి."

బామ్మ ఎక్కి కూర్చుంది. ఆ హాల్లో రోజంతా నేల మీద కూర్చోగలిగిన మనిషి కుర్చీలో కాళ్ళూపుకుంటుంటే, ఆరడుగుల హోల్‌కూమ్ గారు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని నేల మీద సర్దుకున్నారు.

ఆయన అలా కూర్చోకముందే అందరం నిలబడి అమెరికా జెండా ప్రతిజ్ఞ చెప్పాం. చివర అందరికీ స్వేచ్ఛ, న్యాయం అనే మాటలు వస్తాయి. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గుతారు. ఆ రోజు ఫూమియె ఆ మాటలే అన్నిటికన్నా గట్టిగా చెప్పింది. డైరెక్టరుగారు తన బూట్లకేసి చూసుకున్నారు.

ఆ తర్వాత రాజ్యాంగం. చదివినవాడు మా కార్యదర్శి. అన్నం నమిలినట్టు ఒక్కో మాటా నమిలి వదిలే రకం. సమావేశానికి ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఏం చెయ్యాలన్న దానికే ఒక పేజీ. హోల్‌కూమ్ గారు ఎడమ పక్కకి ఒరిగారు, కుడి పక్కకి ఒరిగారు, చేతులు వెనక్కి ఆనించారు, మళ్ళీ తీశారు. నేలపలకల మధ్య నుంచి దుమ్ము లేచి ఆయన నల్ల కోటు మీద పేరుకుంది. చివరికి సంఘం పదవులకి గెలిచినవాళ్ళు ఒక్కొక్కరూ ప్రమాణం చేశారు. షిగ్ ఉపన్యాసం మాత్రం చిన్నదే: "ధన్యవాదాలు."

లేవబోతే ఆయన కాలు లేవలేదు. షిగ్ భుజం అందించాడు.

"తిమ్మిరెక్కిందా సార్? మొదటి వారం అలాగే ఉంటుంది. తర్వాత అలవాటైపోతుంది."

హోల్‌కూమ్ గారు వాడి భుజం పట్టుకుని వాడి మొహంలోకి చూశారు. పెదవి చివర కదిలింది. "వాగ్దానాలు చెయ్యనని గెలిచింది నువ్వే కదూ?"

"అవును సార్."

"నన్ను పడగొట్టడానికి మాత్రం బాగానే పనిచేశావు."

ఆ వారం 'సుడిగాలి' మొదటి పేజీలో ఫూమియె ఆ సభ గురించి రాసింది. ఎక్కడా కుర్చీ అన్న మాట లేదు. డైరెక్టరుగారు హోదా పక్కన పెట్టి, విద్యార్థులు రోజూ కూర్చునేచోటే వాళ్ళతోపాటు గంటన్నర కూర్చున్నారని, ఇంత కలుపుగోలు అధికారి ఉండటం మా అదృష్టమని, అంతా పొగడ్తే. ఆఫీసు నుంచి అది తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కాపలా కాశాం. ఒకేచోట ఎర్ర పెన్సిలు పడింది. 'గంటన్నర' కొట్టేసి, పక్కన 'రెండు గంటలకి తక్కువ కాదు' అని రాసి ఉంది.

క్రిస్మస్‌కి ముందే కలప లారీ వచ్చింది. మా నాన్నలు, ఒకప్పుడు చేపల పడవలు కట్టినవాళ్ళు, ఇళ్ళు కట్టినవాళ్ళు, ఎన్నాళ్ళకో చేతికి ఉలి దొరికిందని పండగ చేసుకున్నారు. బెంచీలు తయారయ్యాయి. పచ్చి పైన్ చెక్క. బంక కారి గౌన్లకి అంటుకునేది. గంట కొట్టగానే తరగతంతా చర్రుమనే చప్పుడుతో లేచేది.

"దీని మీద రాయాలి," అంది ఫూమియె.

"ఒక్క వారం ఆగు," అన్నాడు షిగ్. "పాపం, డైరెక్టరుగారు ఇప్పుడే ఇచ్చారు. కాస్త సంతోషపడనీ."

ఆగింది. సరిగ్గా వారమే.

వసంతంలో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. షిగ్ పోటీ చెయ్యలేదు. ఫూమియె పేరు ప్రతిపాదించాడు. "ఈవిడ వాగ్దానాలు చేస్తుంది. పైగా నిలబెట్టుకుంటుంది. ఆలోచించి ఓటెయ్యండి," అన్నాడు. బడి అయిపోగానే వాడు అమెరికా సైన్యానికి వెళ్ళాడు, క్షేమంగా తిరిగొచ్చాడు. అదంతా తర్వాతి మాట.

ఫూమియె గెలిచిన రోజు సాయంత్రం పత్రిక గదిలో తను నా వెనక నిలబడి, "శీర్షిక చిన్నది చాలు, హిసా. నా గురించి నా పత్రికలోనే పెద్దగా వేసుకుంటే బాగుండదు," అంది.

"సంపాదకురాలిగా చెప్తున్నావా, అధ్యక్షురాలిగానా?"

కాస్త తడబడింది. "సంపాదకురాలిగా."

"పొద్దున్న గెలవగానే పత్రికకి రాజీనామా ఇచ్చావుగా. ఇప్పుడు సంపాదకురాల్ని నేను," అని, స్టెన్సిలు మీద పేజీ ఈ చివర నుంచి ఆ చివరకి ఫూమియె పేరు చెక్కేశాను.