ఏ ఊరి గాలను?

లెక్కల్లో నన్ను మించినవాడు కెనడాలోని ఈ మానిటోబాలో లేడని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఆ మార్చి ఉదయం ఒలేనా అద్దాల షెడ్డులో అది కాస్తా నీరుగారిపోయింది.

ఒలేనాకు డెబ్బై ఏళ్లు. పోయిన ఆమె భర్త పెట్రో ముప్పై ఏళ్లు ఏరి ఏరి నిలబెట్టిన టమాటా విత్తనం ఒక్క సీసాలోనే మిగిలింది. అదీ పాతబడింది. ఈ ఏడు చల్లకపోతే ఇక మొలవదు. చల్లాలంటే, బయట సున్నాకు ముప్పై డిగ్రీలు కిందకు పోయినా షెడ్డు వెచ్చగా ఉండాలి. అందుకు గంటకు లక్ష బీటీయూల వేడి కావాలి; పౌను నీళ్లు ఒక ఫారన్‌హీట్ డిగ్రీ చల్లారితే వదిలే వేడి ఒక బీటీయూ. పాత బాయిలరు అంత ఇస్తుందో లేదో తేల్చమని బాయిలర్లు బాగుచేసే నన్ను పిలిచింది.

బాయిలరును పూర్తిగా మండించాను. గొట్టాల్లోకి వెళ్లే నీళ్లు డెబ్బై డిగ్రీలు, తిరిగొచ్చేవి అరవై. తేడా పది సెల్సియస్, అంటే పద్దెనిమిది ఫారన్‌హీట్. మీటరు నిమిషానికి పది గాలన్లు చూపించింది. అమెరికాలో, డులూత్‌లో పని నేర్చుకున్నప్పటి నుంచి నా నోట నానిన సూత్రం ఒకటుంది: గాలన్లను ఐదువందలతో, ఆపైన డిగ్రీల తేడాతో హెచ్చవేయాలి. తొంభై వేలు వచ్చింది.

"చాలదమ్మా. పదివేలు తక్కువ."

ఒలేనా సీసా మూత బిగించింది.

"ఆ ఐదువందలు ఎక్కణ్నించి తెచ్చావయ్యా?"

"గాలను నీళ్లు ఎనిమిది పౌన్ల చిల్లర. గంటకు అరవై నిమిషాలు. రెండూ హెచ్చవేస్తే అంతే."

"ఎనిమిదా? నలభై ఏళ్లు పాలడబ్బాలు మోసిన చేతులివి. గాలను నీళ్లు పది పౌన్లు. నీది ఏ ఊరి గాలనయ్యా?"

"అది కాదమ్మా, సూత్రం ఎలా తప్పుతుంది..."

"నువ్వాగు. తూకాన్ని మాట్లాడనీ."

తిరిగొచ్చే నీళ్లు తొట్టిలో పడేచోట పీపా పెట్టి సరిగ్గా నిమిషం పట్టాం. బంగాళాదుంపల కాటా మీద, పీపా బరువు తీసేస్తే, వంద పౌన్లు! సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మీటరు కెనడా గాలన్లు చెబుతుంటే నేను అమెరికా గాలన్లు లెక్కేశాను. సరిహద్దు దాటి ఇరవై ఏళ్లయినా నా సూత్రం అక్కడే ఉండిపోయింది.

వందను అరవైతో, పద్దెనిమిదితో హెచ్చవేశాను. లక్షా ఎనిమిదివేలు.

"సరిపోతుందమ్మా," అన్నాను.

"పెట్రో ఉంటే నీ చెవి మెలేసేవాడు," అని నవ్వి, కళ్లు తుడుచుకుని మూత తీసింది. నా అరచేతిలో గింజలు పోసింది. "గుంటకు ఒక్కటే. తొందరపడకు."

తొమ్మిదో రోజు ఫోన్ చేసింది.

"పదింట మూడే మొలిచాయయ్యా."

"మరి... చాలవేమో కదమ్మా?"

"మళ్లీ చాలదంటావేం! విత్తనం తీసుకోడానికి ఒక్క మొక్క చాలదూ?"