ఉన్ని కింద ఊపిరి

గూరో వరండాలోని పిల్లబండి మీదికి మరోసారి వంగి చూసింది. ఏడు వారాల కొడుకు ఐనార్ నిద్రపోతున్నాడు. ఒంటి మీద మూడు పొరల ఉన్ని, పైన ఈకల దుప్పటి. బయటికి కనిపించేది ముక్కూ నోరూ మాత్రమే. ఆ చలిదేశపు దీవిలో పసిపిల్లలందరూ పగటి నిద్ర చలిగాలిలోనే పోతారు. బిడ్డ ఎంతసేపు పడుకుంటే తల్లికి అంత మంచి పేరు. జలుబుతో రెండు రోజులు ఏడ్చినవాడు ఇవాళ మూడు గంటలుగా కదల్లేదు.

భర్త టూరే చేపల వేటకు వెళ్ళి తొమ్మిది రోజులైంది. పడవ ఫోను అందని దూరంలో ఉంది.

పక్కింటి ముసలమ్మ ఆస్లౌగ్ చేపల సూపు గిన్నెతో మెట్లెక్కింది.

"ఇంకా లేవలేదా? అదృష్టవంతురాలివే పిల్లా. మా పెద్దాడు ఇట్లా పడుకునుంటే ఇంకో నలుగుర్ని కనేదాన్ని."

"లేపి పాలిద్దామా అనుకుంటున్నా పెద్దమ్మా. పొద్దున్న నోట పెట్టుకుని వదిలేశాడు."

"బండిలో పడుకున్న బిడ్డను ఎవరైనా లేపుతారా? మీ అత్త వింటే నవ్వుతుంది. జలుబేగా, గాలికి అదే పోతుంది."

"జ్వరం కూడా లేదులే," అంది గూరో.

ఆమె వెళ్ళాక ఆ ధైర్యం నిలవలేదు. నవ్వితే నవ్వుకోనీ అనుకుని ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"పొద్దుట్నించి ఎన్నిసార్లు గుడ్డలు తడిపాడు?" అంది నర్సు.

"ఒక్కసారి."

"లోపలికి తెచ్చి, బాబు ఛాతీ కనిపించేదాకా బట్టలు విప్పండి. నేను ఫోన్లోనే ఉంటా."

ఒక్కో పొరా విప్పింది. చివరి చొక్కా ఎత్తి చూసింది. గబగబా ఊపిరి తీస్తున్నాడు. తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. ముక్కుపుటాలు ఎగసిపడుతున్నాయి. ఏడవడానికి కూడా వాడికి ఓపిక లేదు.

చూసింది చూసినట్టు చెప్పింది.

"అంబులెన్స్ పడవను పంపిస్తున్నాం. మీతో ఎవరైనా వస్తారా?"

"లేదండీ. మేమిద్దరమే."

పట్నం ఆసుపత్రిలో వాడి ముక్కుకు సన్నని గొట్టాలు పెట్టారు. ఊపిరితిత్తులకు పట్టే వైరస్ అన్నాడు డాక్టరు. ఇంత చిన్నవాళ్ళలో జ్వరం లేకుండానే ముదరవచ్చట.

రెండో రోజు మధ్యాహ్నం ఐనార్ రొమ్ము పట్టుకుని పాలు మింగాడు. ఆ మాట చెబుదామని గూరో తలెత్తి చూసింది. నర్సు పక్క గదికి వెళ్ళింది. టూరే నంబరు ఇంకా అందడం లేదు.

"నాలుగు గుక్కలు తాగావురా నాన్నా," అని వాడికే చెప్పింది.