కొండ మీద నిప్పు

బీష్యా అంట్ల దగ్గర నుంచి లేవకముందే అత్తగారు తీర్పు చెప్పేసింది. "బేకరీలో పనా? మా ఇంటి కోడళ్లు గడప దాటి ఎరగరు." రోజూ చెత్తసంచులు పట్టుకుని బండి వెంట పరుగెత్తేటప్పుడు తను దాటేది ఎవరి గడపో బీష్యాకి అర్థం కాలేదు.

తైచుంగ్‌లో చెల్లెలు బేకరీ పెట్టింది. "రోజూ బస్సులో వచ్చి వెళ్లక్కా, నీ చేతి కేకులు నలుగురూ తినాలి," అంది. ఆ మాటకి బీష్యాకి ప్రాణం లేచొచ్చింది. ఈ ఇంట్లో తను చేసినవి తిని ఖాళీ పళ్లెం తోసేవాళ్లే గాని, బాగుందన్నవాళ్లు లేరు.

మొగుడు తియెన్‌ఫా మాత్రం, "నాణేల్ని అడుగుదాం," అన్నాడు. లుగాంగ్ గుడి వీధిలో, ఇంటి ముందుగదిలోనే నాణేలు వేసి జోస్యం చెప్పడం ఆయన వృత్తి. చెత్త పారేయడానికి తను వెళ్లొచ్చా అని వేస్తే ఇన్నేళ్లలో ఒక్కసారీ శుభం అని రాలేదు. ఇంకో కోడిముక్క తినొచ్చా అంటే మాత్రం ఎప్పుడూ శుభమే.

మూడు నాణేలు ఆరుసార్లు వేశాడు. పడిన తీరును బట్టి కింది నుంచి పైకి ఆరు గీతలు గీశాడు. మూడేసి గీతలు కలిస్తే ఒక్కో గుర్తు: కొండ, నిప్పు, నీరు, అలా. జోస్యానికొచ్చిన దర్జీ హువాన్ పిన్ని టీ తాగుతూ చూస్తోంది.

"కొండ మీద కొండ!" తియెన్‌ఫా మొహం వెలిగిపోయింది. "కదలకుండా కూర్చోమని. నేనన్నానా? నాణేలన్నాయి."

బీష్యాకి ఒళ్లు మండింది. "నాలుగోసారి మూడూ ఒకేవైపు పడ్డాయి కదండీ. అది మారే గీత, తిరగేసి చదవాలి. గుర్తు పెట్టలేదేం?"

"పడ్డాయా?"

"పడ్డాయయ్యా, నేనూ చూశాను," అంది పిన్ని. "మారే గీత వదిలేసి చెప్పడమంటే సగం ఉడికిన అన్నం పెట్టడమేనని పోయినసారి మీరే అన్నారుగా!"

తియెన్‌ఫా చేసేది లేక ఆ గీత మార్చి, కొత్త బొమ్మ గీశాడు. పై కొండ పోయి నిప్పు వచ్చింది.

"ఏమొచ్చిందిరా?" అంది తల్లి.

"కొండ మీద నిప్పు." ఆయన నీళ్లు నమిలాడు. "అంటే... ప్రయాణం."

పిన్ని టీ పొలమారింది.

"మళ్లీ వేస్తాను."

"అడిగిందే మళ్లీ అడిగితే అపచారమని మీ బల్ల మీద మీరే రాసిపెట్టారు," అంది బీష్యా.

"నువ్వు పోతే ఇల్లెవరు చూస్తారే?" అంది అత్తగారు.

వీధి చివర చెత్తబండి పాట మొదలైంది. అలవాటు కొద్దీ తల్లీకొడుకులిద్దరూ బీష్యా వైపు చూశారు. ఆమె ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించింది. సంచులు తెచ్చి మొగుడి చేతుల్లో పెట్టింది.

"బండి వెళ్లిపోతుంది, పరుగెత్తండి. వచ్చాక ఇంట్లో ఆ కొండని మీరుంచుకోండి. ప్రయాణం నాది."