సన్నటి తూము

పాత కంప్యూటరు కేబినెట్ల లోపలి దుమ్మును దేవరాజు పెయింటు బ్రష్షుతో దులిపేవాడు. ఆ గురువారం ఉదయం నాలుగోది దులుపుతుండగా ఓనరు సత్యనారాయణమూర్తి రెండు అట్టపెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"గూడెంలో పెర్సిస్‌గారి కంప్యూటరుకి గ్రాఫిక్స్ కార్డు వెయ్యాలి. పాత స్లాటు. దానికి పట్టేవి మన దగ్గర ఈ రెండే. నూట ఇరవై ఎనిమిది ఎంబీది ఎవరైనా కొంటారు. రెండొందల యాభై ఆరుది ఆర్నెల్లుగా కూర్చుంది. అది అంటగట్టి రా."

"చూస్తానండి."

"నీ చూపులే వద్దంటున్నా. ఈసారి అది తిరిగొస్తే దాంతోపాటు నువ్వూ ఇంట్లో కూచో."

"నేనింట్లో కూచుంటే మీరెవర్ని తిడతారండీ?" అని రెండు పెట్టెలూ సంచిలో వేసుకున్నాడు.

నలభై తొమ్మిదేళ్ల మనిషి. స్క్రూలు తిప్పి తిప్పి కుడిచేతి చూపుడువేలి గోరు నిలువునా చీలింది. ఏలూరులోనే రేడియోలు బాగుచేశాడు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. ముగ్గురు ఓనర్లు మారారు. ముగ్గురూ మేడలు కట్టారు. వ్యాపారం లెక్కలో చూస్తే దేవరాజులో ఉన్నది ఒకటే లోపం: కొనేవాళ్లు అడిగితే ఉన్నది చెప్పేస్తాడు. అందువల్ల సొంత షాపు పెట్టుకోలేకపోయాడు. అందువల్లే భీమడోలు నుంచి గూడెం దాకా జనం షాపు పేరు కాక అతని పేరే అడిగేవారు. మొదటిది అతని నష్టం, రెండోది ఓనర్ల లాభం.

తాడేపల్లిగూడెం కాలేజీ రోడ్డులో, మేడమీద గదిలో పెర్సిస్ గేమ్స్ సెంటరు. ఐదు కంప్యూటర్లు, అన్నీ పాతవే. నెల కిందట ఎదురుగా కొత్త సెంటరు తెరిచి, 256 ఎంబీ అని పెద్ద బోర్డు కట్టారు. కుర్రాళ్లు రోడ్డు దాటారు. ఈ శనివారానికి ఆమె ఒక కంప్యూటరు మీద క్రికెట్ ఆట పోటీ పెట్టింది. అదీ నడవకపోతే నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని గది అద్దెకిచ్చినవాళ్లకు చెప్పేసింది.

మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా దేవరాజు కుర్చీలో కూర్చున్నాడు.

"అన్నయ్యగారూ, ఆ రెండొందల యాభై ఆరుదే పెట్టండి. ఎదురుగా బోర్డు చూశారుగా?"

"కలిదిండిలో మీ నాన్నగారికి చేపల చెరువుండేది కదమ్మా?"

"ఉండేదండీ."

"పదెకరాల చెరువుకి జానెడు తూము పెడితే నీళ్లు ఎప్పటికి తీస్తారు?"

"తీసేసరికి చేపలు ముసలివైపోతాయి."

"ఈ పెద్ద నంబరు కార్డూ అంతేనండి. నంబరు చెరువుది. ఆట పారేది తూములోంచి. ఇందులో తూము సన్నం."

"కుర్రాళ్లు తూము చూడరండీ. బోర్డు చూస్తారు."

దేవరాజు సంచిలోంచి రెండు పెట్టెలూ తీశాడు. రెండూ పెట్టి చూపిస్తానన్నాడు.

ముందు పెద్ద నంబరుది పెట్టాడు. తెరమీద బౌలరు పరుగెత్తుకొస్తూ మూడుచోట్ల ఆగాడు. బంతి చేతిలోంచి మాయమై వికెట్ల దగ్గర తేలింది.

"వీడికి మోకాళ్ల నొప్పులున్నట్టున్నాయండీ!" అని పెర్సిస్ నవ్వేసింది.

చిన్న నంబరుది పెట్టాడు. బౌలరు ఒక్క ఊపున వచ్చి బంతి వేశాడు. ఆమె నవ్వు ఆపి పూర్తి ఓవరు చూసింది.

"ఇదే ఉంచండి. మరి బోర్డు మీద ఏం రాయమంటారు?"

"ఆట మధ్యలో ఆగితే డబ్బు వాపసు అని రాయండి. ఎదుటివాళ్లు అలా రాయలేరు."

"మీ ఓనరుగారు మిమ్మల్ని ఏమీ అనరా?"

"ఎవరో ఒకరు అంటూనే ఉన్నారమ్మా, ఇరవయ్యేళ్లుగా."

కొత్త కార్డు వేసిన కంప్యూటరును ఒకరోజు తెరిచే నడపాలనేది అతని పద్ధతి. కేబినెట్ పక్కరేకు గోడకు ఆనించి, దాని రెండు స్క్రూలు సోడా మూతలో వేశాడు. "రేపు రెండింటికి వచ్చి వేడి చూసి నేనే మూస్తాను. ఈలోపు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అన్నాడు.

సాయంత్రం పాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. భీమడోలులో వేరుశెనక్కాయల పొట్లం కొన్నాడు. ఏలూరులో బండి ఖాళీ అయింది. దేవరాజు దిగలేదు. తుడవడానికి ఎక్కిన మనిషి భుజం తట్టి చూసి, గార్డును పిలిచాడు. పొట్లం విప్పనేలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

భార్య కృపమ్మ స్టేషనుకి వచ్చి అతని చొక్కా కాలరు సరిచేసింది. సత్యనారాయణమూర్తి కూడా వచ్చాడు. ఖర్చులన్నీ తానే పెట్టుకున్నాడు. వెళ్లేముందు దేవరాజు సంచి తీసి చూశాడు. పెద్ద నంబరు పెట్టె తిరిగొచ్చింది. దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లాడు. వారానికి చింతలపూడి నుంచి వచ్చినాయన ఎవరో అది కొనుక్కున్నాడు. ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు.

శుక్రవారం నాలుగు దాకా ఎదురుచూసి పెర్సిస్ షాపుకి ఫోన్ చేసింది. విని, ఫోన్ పెట్టేసి, బోర్డు రాయడానికి కూర్చుంది.

శనివారం కుర్రాళ్లు రోడ్డు ఇటు దాటారు. రాత్రి ఎనిమిదింటిదాకా ఆట ఒక్కసారీ ఆగలేదు. వాపసు అడిగినవాళ్లు లేరు. మెకానిక్కుని పిలిచి కేబినెట్ మూయిస్తామని ఒకరిద్దరు అన్నారు. ఆమె వద్దంది.

గోడకు ఆనించిన రేకు అలాగే ఉంది. దాని పక్కన సోడా మూతలో రెండు స్క్రూలు.