ముప్పై కిలోల చెత్త

నా మొగుడికి చెత్తంటే పగ. ఖనిజం కోసం కొండ మీద రాయి తొలిచి చూసే ఈ క్యాంపులో ముప్పైమందిమి ఉంటాం. రోడ్డు లేదు, వారానికోసారి హెలికాప్టర్ వస్తుంది. చెత్త పాతిపెడదామంటే కిందంతా బండ. బయట పారేస్తే వాసనకి ఎలుగుబంట్లు దిగుతాయి. అందుకని ముక్కలుగా తెచ్చి ఇక్కడ బిగించిన ఇనప పొయ్యి ఒకటుంది, ఏది వేసినా బూడిద చేస్తుంది. ఆ పొయ్యి మా ఆయనది, వంటగదిలో పొయ్యి నాది. పెళ్ళయి ఎనిమిది నెలలైనా ఈయన నా కూరని ఒక్క మాట అనలేదు గానీ, ఉల్లిపొట్టు గురించి మాత్రం రోజూ దండకం చదువుతాడు. నన్ను అందరూ అక్కా అంటారు కాబట్టి ఆయన క్యాంపు మొత్తానికీ బావ. బావ కనబడితే చాలు, చాక్లెట్ కాగితాలు జేబుల్లోకి పోతాయి.

ఆ రోజు తనిఖీ. పోయినసారి పొగ నల్లగా వచ్చిందని అధికారి గట్టిగా చెప్పి వెళ్ళాడు. ఈసారి కూడా తప్పితే పొయ్యి నడిపే మనిషిని మార్చేస్తారు, ఆ మనిషి అదే హెలికాప్టర్లో కిందికి దిగిపోవాలి. నా ఒప్పందం ఇంకా ఏడాదుంది. ఆయన కింద, నేను పైన. ఆయన మూడు రోజులు పొయ్యిలోకి దూరి గీకాడు, ఇటుకలు తుడిచాడు, పొగగొట్టం తోమాడు. ముందురోజు సాయంత్రం క్యాంపులో చెత్తంతా ఊడ్చి కాల్చేశాడు.

తొమ్మిదింటికి అధికారి దిగాడు. పొయ్యి లోపలికి టార్చి వేసి చూసి "బాగుంది" అన్నాడు. మా ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"ఇప్పుడు కాల్చి చూపించండి. తడి చెత్త పది కిలోలు, పొడి చెత్త ఇరవై."

మా ఆయన ఖాళీ బుట్టలకేసి చూశాడు. "చెత్త లేదండీ."

"లేదంటే?"

"నిన్ననే కాల్చేశానండీ. మీరొస్తున్నారని."

అధికారి గడియారం చూసుకున్నాడు. "పన్నెండింటికి మబ్బు కమ్ముతుందంటున్నాడు పైలట్. పదకొండుకల్లా పొయ్యి వెలగాలి. వెలక్కపోతే తప్పినట్టే రాసుకుంటాను."

చుట్టాలొస్తున్నారని ఇల్లు ఊడుస్తూ కుర్చీలు కూడా ఊడ్చిపారేసినట్టుంది మా ఆయన తెలివి. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. భోజనాల గదిలోకి వెళ్ళి కంచం మీద గరిటెతో టంగుటంగుమని కొట్టాను.

"చెత్త కావాలి! ఎవరి దగ్గర ఏముంటే అది తెండి! బావని పంపించేస్తున్నారు!"

ఒక్కడూ కదల్లేదు. ఎనిమిది నెలలుగా తిట్లు తిన్నవాళ్ళు కదా, ఇదేదో ఎత్తు అనుకున్నారు.

"నా దగ్గరేం లేదక్కా, ఒట్టు" అంటూ డ్రిల్లింగ్ మేస్త్రి రెండు చేతులూ ఎత్తేశాడు.

మా ఆయన ముందుకొచ్చాడు. మొహం చిన్నబోయింది. "బాబ్బాబు, ఉంటే ఇవ్వండర్రా. ఏమీ అనను."

అంతే, గేట్లు తెరుచుకున్నాయి. ఒక్కో మంచం కింద ఒక్కో కుప్ప! ఈయనకి భయపడి దాచినవన్నీ బయటికొచ్చాయి. మేస్త్రి బిస్కెట్ పెట్టెలు ఈడ్చుకొచ్చాడు, నర్సు మందుల అట్టలు మోసుకొచ్చింది, మేనేజరు పాత పత్రికల కట్ట పట్టుకొచ్చాడు. మా ఆయన కాటా మీద పెడుతూనే "ఇది ఎప్పటిదయ్యా?" అని కళ్ళెర్రజేశాడు.

"ఏమీ అనను అన్నావు బావా!" అని అందరి గొంతులూ లేచాయి.

తడి చెత్త నా వంతు. రెండు బస్తాల బంగాళదుంపలు, ఒక బస్తా ఉల్లిపాయలు బల్ల మీద కుమ్మరించి తలా ఒక కత్తి ఇచ్చాను.

"అక్కా, ఇంత మందంగా చెక్కితే దుంపేం మిగులుతుంది?"

"మిగలకపోతే పోయింది! చెక్కు!"

మేనేజరు వేలు కోసుకున్నాడు. నర్సు కట్టు కట్టి మళ్ళీ కత్తి చేతికిచ్చింది. ఉల్లి ఘాటుకి అందరి కళ్ళూ కారుతున్నాయి, అందరూ పగలబడి నవ్వుతున్నారు. ఎవరో పాట కూడా ఎత్తుకున్నారు. ఇలా పుట్టించిన చెత్త చెల్లుతుందా అని మేనేజరు భయంభయంగా అడిగాడు. అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. "చెత్త ఎప్పుడు పుట్టాలో నిబంధనల్లో లేదు" అని, తను తింటున్న అరటిపండు తొక్క బుట్టలో వేశాడు. ఆ మనిషికి ఈలలు పడ్డాయి.

పదకొండుకి పది నిమిషాలుంది. తడి చెత్త పది కిలోలు దాటింది. పొడి చెత్త దగ్గర మాత్రం ఆరువందల గ్రాములు తక్కువ. జేబులన్నీ దులిపాం. లేదు.

మా ఆయన మా గదివైపు పరిగెత్తాడు. తాడుతో కట్టిన పెద్ద అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తాడు తెంచి, పెట్టెని అందరి ముందూ బోర్లించాడు. బనీన్లు, మేజోళ్ళు, గడ్డం గీసుకునే సామాను, మా పెళ్ళి ఫొటో, అన్నీ నేల మీద పడ్డాయి. ఖాళీ పెట్టె కాటా మీద పెట్టాడు. ఏడువందలు!

అందరూ కేకలు వేస్తున్నారు. నాకు మాత్రం ఆ బనీన్లే కనిపిస్తున్నాయి.

"ఈ పెట్టె ఎప్పుడు సర్దారు?"

"పొద్దున్నే" అన్నాడు నేల చూస్తూ. "నువ్వు వంటగదికి వెళ్ళాక."

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే ఏడుస్తావని."

"ఇప్పుడేం చేస్తున్నాననుకున్నారు?"

"ఉల్లిపాయలేమో అనుకున్నా."

చచ్చేంత కోపమొచ్చింది, చచ్చేంత ప్రేమా వచ్చింది. ఆ పెట్టెని నా చేతుల్తోనే పరపరా చింపి పొయ్యి నోట్లో కుక్కాను. ఆయన మీట నొక్కాడు. గొట్టంలోంచి బూడిదరంగు పొగ ఒక్కసారి గుప్పుమంది. మరుక్షణం ఆ పొగ విడిపోయింది, గొట్టం పైన గాలి వేడికి వణకడం తప్ప ఇంకేమీ లేదు. నలభై నిమిషాలూ అంతే. అధికారి కాగితం మీద ముద్ర గుద్దాడు. మేస్త్రి మా ఆయన్ని భుజానికెత్తుకుని పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పాడు.

హెలికాప్టర్ లేచేసరికి నేను నేల మీది బట్టలు ఏరుతున్నాను. ఆయన ఒక్కోటి దులిపి అందిస్తున్నాడు. సర్దడానికి ఇక పెట్టె లేదు కాబట్టి, అన్నీ నా ట్రంకు పెట్టెలో, నా బట్టల మధ్యలో సర్ది తాళం వేశాను. ఇక ఆయన ఎక్కడికి పోవాలన్నా తాళంచెవి నన్నే అడగాలి.